టిఫిను తరువాతి కాఫీని ఎలా మానుకోవాలి?

గట్టుమీద గోదావరి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్ళు. పుట్టి పెరిగింది రాజమండ్రిలో, పెళ్ళయ్యాక హైదరాబాదుకు వచ్చి 22 ఏళ్ళయింది. మా పుట్టింట్లో పళ్ళు తోముకోగానే ఒక కాఫీ, టిఫిను తినగానే ఇంకొక కాఫీ తాగడం నా చిన్ననాటి నుంచి ఉన్న పద్ధతి. ఇడ్లీ తిన్న పళ్ళెం తీయకముందే అమ్మ పొగలు కక్కే గ్లాసు తెచ్చి పక్కన పెట్టేది. ఆ రెండో కాఫీ పడితే తప్ప టిఫిను పూర్తయినట్లు నాకు ఇప్పటికీ అనిపించదు.

రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 9.6 అని తేలింది. ఒంట్లో ఇనుము నిల్వలు కూడా తక్కువగా ఉన్నాయట. డాక్టరుగారు మాత్రలు రాసి, తిండికీ కాఫీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచమని గట్టిగా చెప్పారు. అయితే నేను ఎనిమిదింటికి టిఫిను తిని ఎనిమిదిన్నరకు బడికి బయలుదేరాలి, ఆ తరువాత పదకొండున్నర దాకా వరుసగా పాఠాలే ఉంటాయి కనుక గంట ఆగి తాగే వీలు నాకు లేదు. మధ్యాహ్నం డబ్బా తిన్న వెంటనే స్టాఫు గదిలో అందరితోపాటు టీ తాగుతాను, సాయంత్రం ఇంటికి వచ్చాక మళ్ళీ కాఫీ. మేము శాకాహారులం.

నేను అడగదలచుకున్నది ఇది. టిఫిను తరువాత కాఫీ బదులు టీ తాగితే నష్టం తగ్గుతుందా? డికాషన్ తగ్గించి పాలు ఎక్కువ పోసుకుంటే సరిపోతుందా? ఇలాంటి అలవాటును మార్చుకున్నవారు ఎవరైనా ఉంటే, వేళలు ఎలా సర్దుకున్నారో దయచేసి చెప్పండి. "మానేయండి, అంతే" అన్న సలహా ఇంట్లో మావారి నుంచి ఇప్పటికే అందింది.

సికింద్రాబాద్ సాసరు:

అమ్మా, నేను పూర్తిగా చాయ్ మనిషిని, కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది. మా నాన్నగారు స్టేషను దగ్గరి ఇరానీ హోటలుకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, తన కప్పులోంచి సాసరులోకి కొంచెం వంపి ఇచ్చేవారు. నా మొదటి టీ అదే. ఇరానీ చాయ్‌లో డికాషన్ ఒకచోట మూత బిగించిన పాత్రలో సన్నటి సెగ మీద మగ్గుతుంది, పాలు వేరొకచోట చిక్కబడేదాకా మరుగుతాయి, రెండూ కలిసేది కప్పులోనే. ఆ రుచికి అలవాటు పడినవాడికి మీ కాఫీ కొంచెం మాడిన వాసన వేస్తుందని చెబితే కోస్తావాళ్ళు నన్ను ఈ చర్చలోంచి వెళ్ళగొట్టవచ్చు.

మీ ప్రశ్న విషయానికి వస్తే, కాఫీ కన్నా టీలో కెఫీన్ తక్కువ కాబట్టి టిఫిను తరువాత టీకి మారడమే మంచిదని నా అభిప్రాయం. నేను రోజుకు ఐదు టీలు తాగుతాను, అందులో రెండు ఆఫీసులో వన్ బై టూ, అంటే లెక్కకు నాలుగే. నాకు రక్తహీనత ఎప్పుడూ లేదు. అల్లం, రెండు యాలకులు దంచి వేసి ఇంట్లోనే కాచుకోండి. వారం రోజుల్లో మీరే కాఫీని మరచిపోతారు.

పాత పాఠాలు:

పై మిత్రుని చాయ్ ప్రేమను నేను గౌరవిస్తాను, ఆయన వర్ణన చదివాక నాకు కూడా ఒక కప్పు తాగాలనిపించింది. అయితే ఈ సలహా విషయంలో మాత్రం ఆయన పొరపడ్డారు. నేను ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఆహారశాస్త్రం బోధించి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం పొడుగ్గా చెబితే మన్నించండి.

ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడేది కెఫీన్ కాదు. టీకీ కాఫీకీ వగరునిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలు పేగులో ఇనుముతో పెనవేసుకుని, దాన్ని రక్తంలోకి వెళ్ళనివ్వవు. అందువల్ల కెఫీన్ తీసేసిన కాఫీ తాగినా ఈ చిక్కు తీరదు. పప్పులు, ఆకుకూరలు, ధాన్యాల నుంచి వచ్చే ఇనుము మీద ఈ ప్రభావం ఎక్కువగానూ, మాంసం నుంచి వచ్చే ఇనుములో కొంత భాగం మీద తక్కువగానూ ఉంటుంది. శాకాహారులైన మీకు డాక్టరుగారు అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే కావచ్చు. సాసరు మిత్రునికి రక్తహీనత లేకపోవడంలో వింత ఏమీ లేదు. నిల్వలు బాగా ఉన్నవారికి ఈ అడ్డంకి పెద్ద లెక్కలోకి రాదు, తక్కువగా ఉన్నవారికే అది బరువవుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కనుక ఈ ప్రశ్న మీ ఒక్కరిదీ కాదు.

ఇక టీ మేలా, కాఫీ మేలా అన్న సంగతి. 1983లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో హ్యాంబర్గర్ భోజనంతోపాటు కాఫీ తాగితే ఇనుము ఒంటబట్టడం 39 శాతం తగ్గింది, టీ తాగితే 64 శాతం తగ్గింది. అంటే టిఫిను తరువాత కాఫీ స్థానంలో టీ పెట్టుకోవడం వల్ల మీకు నష్టమే పెరుగుతుంది. పాలు ఎక్కువ పోసుకున్నా ఉపయోగం ఉండదు, ఎందుకంటే పాలలోని కాల్షియం కూడా ఇనుముకు కొంత అడ్డుపడుతుంది. డికాషన్ తగ్గిస్తే అడ్డంకి కొంత తగ్గుతుంది కానీ, అలా పలచబడిన కాఫీని రాజమండ్రి మనిషి కాఫీ అని ఒప్పుకుంటుందా అన్నది వేరే ప్రశ్న.

ఆ అధ్యయనంలోనే మీకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. భోజనానికి గంట ముందు కాఫీ తాగినప్పుడు ఇనుము తగ్గలేదు. భోజనమయ్యాక గంటకు తాగినప్పుడు మాత్రం, భోజనంతోపాటు తాగినప్పుడు ఎంత తగ్గిందో అంతే తగ్గింది. అది కొద్దిమందిపై చేసిన పరీక్షే అయినా, తిండి అంతసేపటికి కూడా కడుపులోనే ఉంటుందని గుర్తుచేసుకుంటే సబబుగానే తోస్తుంది. హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట టీ కాఫీలు వద్దని చెప్పాయి. వీలైతే తరువాతి ఎడాన్ని రెండు గంటలకు పెంచుకోమని నేను అంటాను.

దీన్నిబట్టి చూస్తే పళ్ళు తోముకోగానే తాగే మీ మొదటి కాఫీతో పేచీ లేదు. దాన్ని ఏడు గంటలలోపు ముగించి, ఎనిమిదింటి టిఫినుకు కాఫీ బదులు పచ్చి జామకాయ ముక్కలో, నిమ్మకాయ పిండిన నీళ్ళో తీసుకోండి. సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఉప్మా మీద నిమ్మకాయ పిండుకునే మన పాత అలవాటు ఈ విధంగా చూసినా మంచిదే. మాత్రను టీతోగానీ కాఫీతోగానీ పాలతోగానీ మింగకండి. నాకు మీ స్టాఫు గది టీయే అసలు దోషిగా కనిపిస్తోంది, ఎందుకంటే పప్పూ ఆకుకూరా ఉండేది ఆ మధ్యాహ్నపు డబ్బాలోనే.

గట్టుమీద గోదావరి:

మాస్టారూ, ఇంత ఓపికగా వివరించినందుకు ధన్యవాదాలు. నేను టిఫిను కాఫీ గురించి దిగులుపడుతూ మధ్యాహ్నపు టీని అసలు లెక్కలోనే వేయలేదు. ఆ టీ నాకు ఇష్టమై తాగేది కూడా కాదు, అందరూ తాగుతుంటే ఒక్కదాన్ని ఊరికే కూర్చోలేక తాగుతున్నాను.

ఇప్పుడు చిక్కల్లా ఒక్కటే. పొద్దుటి కాఫీ ఒక్కటే మిగిలేటట్లయితే అది నిజంగా బాగుండాలి. నేను హడావిడిలో నిన్నటి డికాషన్ ఫ్రిజ్‌లోంచి తీసి వేడిచేసి తాగుతున్నాను, అది చేదుగా, నీరసంగా ఉంటుంది. బహుశా అందుకే రెండో కాఫీ కోసం మనసు లాగుతోందేమో. ఆరింటికి తాజా డికాషన్ దిగాలంటే నాలుగున్నరకు లేవడం నా వల్ల కాదు.

పొడి మర:

నేను ఇరవై ఏళ్ళుగా కాఫీ గింజలు వేయించి పొడి ఆడించే పనిలో ఉన్నాను కాబట్టి ఈ భాగం నాకు వదిలేయండి.

ముందుగా ఒక మాట. డికాషన్‌ను మళ్ళీ పొయ్యి మీద పెట్టడం అంటే దాన్ని చంపడమే. వేడి చేయవలసింది పాలను మాత్రమే. పాలు పొంగు వచ్చాక దించి, గ్లాసులో ఉన్న డికాషన్ మీద పోస్తే, డికాషన్ గది వేడిలో ఉన్నదైనా కాఫీ తాగడానికి సరిపడా వేడిగానే ఉంటుంది. గ్లాసును ముందుగా వేడినీళ్ళతో కడిగితే ఇంకా మంచిది. ఆ తరువాత రెండు మూడుసార్లు ఎత్తు నుంచి తిరగబోస్తే చక్కెర కరిగి నురగ వస్తుంది.

నాలుగున్నరకు లేవనక్కరలేదు. మా అమ్మమ్మ కాలం నుంచీ చేస్తున్నట్లు రాత్రి పడుకోబోయే ముందు ఫిల్టరు వేసి పెట్టండి. పై గిన్నెలో ముగ్గురికి సరిపడా మూడు పెద్ద చెంచాల పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో తేలికగా అదమండి. గట్టిగా అదిమితే నీళ్ళు దిగవు, అసలు అదమకపోతే గబగబా జారిపోయి డికాషన్ పలచగా వస్తుంది. నీళ్ళు మరిగాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగి, మొదట పొడి తడిసేటన్ని మాత్రమే పోసి, అది ఉబ్బాక మిగిలినవి పోయండి. తెల్లారేసరికి చిక్కటి మొదటి డికాషన్ సిద్ధంగా ఉంటుంది. ఎండాకాలంలో కూడా ఆ ఏడెనిమిది గంటలకు ఏమీ కాదు. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి తీసే రెండో డికాషన్ చుట్టాలకు పనికివస్తుంది, మీకు వద్దు.

పొడి ఎంపిక గురించి అడగకపోయినా చెబుతాను. పీబెర్రీ అనగానే అదేదో వేరే జాతి మొక్క అని చాలామంది అనుకుంటారు. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు బల్లపరుపు ముఖాలతో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ఒక్కోసారి ఒకే గింజ గుండ్రంగా పెరుగుతుంది, దాన్నే పీబెర్రీ అంటారు. కాఫీలో ముఖ్యమైన జాతులు అరబికా, రొబస్టా అని రెండు. రొబస్టా గింజలో కెఫీన్ అరబికా కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది, రుచి మోటుగా ఉంటుంది, డికాషన్ మాత్రం దట్టంగా దిగుతుంది. అరకు లోయలో గిరిజన రైతులు పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో చేదు తక్కువ, వాసన ఎక్కువ.

చికరీ అసలు కాఫీ కానే కాదు, అది వేరే ఒక మొక్క వేరు. వేయించి పొడిచేసి కలిపితే రంగూ చిక్కదనమూ వస్తాయి, కెఫీన్ ఉండదు. నిబంధనల ప్రకారం చికరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఆ పాళ్ళు ప్యాకెట్టు మీద రాసి ఉండాలి. ఎక్కువమంది ఆ అంకె చూడకుండా కొంటారు. మీకు చేదుగా, నీరసంగా అనిపించడానికి చికరీ 40 శాతం దాటిన పొడి కూడా కారణం కావచ్చు. ఒకసారి 80కి 20 పాళ్ళలో కలిపించి, వారానికి సరిపడా మాత్రమే కొనుక్కుని, గాలి చొరని డబ్బాలో పెట్టుకుని చూడండి.

కువైట్ కాపురం:

ఒక చిన్న విషయం చేర్చడానికి రాస్తున్నాను. ఈ ప్రశ్న అడిగినవారికి గానీ, చదువుతున్న మరెవరికైనా గానీ థైరాయిడ్ మాత్ర వాడే అలవాటు ఉంటే, లేవగానే కాఫీ అన్న సలహాను యథాతథంగా పాటించవద్దు. ఆ మాత్రను కూడా కాఫీ సరిగా పనిచేయనివ్వదు. నేను ఏడాదిపాటు మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగుతూ, మోతాదు ఎందుకు పెంచవలసి వస్తోందో అర్థం కాక తికమకపడ్డాను. ఇప్పుడు ఐదింటికి నీళ్ళతో మాత్ర వేసుకుని ఆరింటికి కాఫీ తాగుతున్నాను. ఇనుము మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ మధ్య కూడా నాలుగు గంటల ఎడం ఉండాలని మా డాక్టరు చెప్పారు.

సికింద్రాబాద్ సాసరు:

మాస్టారు చెప్పింది చదివాక నా ఐదు టీలను లెక్క చూసుకున్నాను. అందులో మూడు భోజనాన్ని అంటిపెట్టుకునే ఉన్నాయి. నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను, అల్లం, యాలకుల సంగతి మాత్రం అలాగే ఉంచుతున్నాను. సాయంత్రం కాఫీ గురించి ఎవరూ ఏమీ అనలేదు, అది ఉండవచ్చునా?

పాత పాఠాలు:

సాయంత్రం ఐదు ప్రాంతంలో అయితే మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ రెండింటికీ దూరమే కనుక నిక్షేపంగా తాగవచ్చు, పక్కన పకోడీలు తినడం వల్ల పెద్దగా పోయే ఇనుము ఏమీ లేదు. అక్కడ చూసుకోవలసింది నిద్ర. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఇందాక చెప్పిన మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాములు దాటవద్దన్నాయి. 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 నుంచి 120, అంతే టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయని వాటిలోనే ఉంది. ఆ లెక్కన రోజుకు రెండు కాఫీలు హాయిగా సరిపోతాయి.

గట్టుమీద గోదావరి:

ఐదు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. రాత్రి ఫిల్టరు వేసి పెట్టుకోవడం అలవాటైంది, ఆరుంబావుకు బాల్కనీలో కూర్చుని పెద్ద గ్లాసు కాఫీ తాగుతున్నాను. మొదటి పదిరోజులు టిఫిను అయ్యాక చెయ్యి గ్లాసు కోసం వెతికింది, తలనొప్పి కూడా వచ్చింది. ఇప్పుడు జామకాయ, బత్తాయి తొనలతో సరిపెట్టుకుంటున్నాను. స్టాఫు గదిలో నేను వేడినీళ్ళు తాగుతుంటే మొదట నవ్వినవారిలో ఇద్దరు తామూ పరీక్ష చేయించుకున్నారు. ఒకరికి 10.1 వచ్చింది. నిన్నటి పరీక్షలో నాది 11.2కు చేరింది. అందులో మాత్రల పాలు ఎంతో, కాఫీ వేళ మార్చినందువల్ల ఎంతో విడదీసి చెప్పలేనన్నారు డాక్టరుగారు.

పొడి మర గారికి ఒక సందేహం. 80కి 20 పాళ్ళ పొడి మావారికి పలచగా ఉందట, 70కి 30 చేస్తే ఇద్దరికీ కుదురుతుందా?

పొడి మర:

70కి 30 వద్దండి. 80కి 20 అలాగే ఉంచి, అరబికాలో నాలుగో వంతు తీసేసి రొబస్టా పీబెర్రీ కలిపించండి. డికాషన్ చిక్కబడుతుంది, ఆయన ఇంకేమీ అనరు.