అమ్మానాన్నలు తిరుపతిలో ఉంటే అమెరికాలో క్లియరెన్స్ రాదా?

అలిపిరి వాసి:
అమెరికా పౌరసత్వం తీసుకున్న మనోళ్లు అక్కడి డిఫెన్స్ కంపెనీల్లో చేరాలంటే సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వ అనుమతి, కావాలి. కన్నవాళ్లు తిరుపతిలో, పొలం చంద్రగిరిలో ఉంటే అప్లై చేసేదే దండగ అంటున్నారు. నిజమేనా? నిజమైతే న్యాయమేనా?

స్వర్ణముఖి:
దండగేం కాదు. క్లియరెన్స్ ఎవరికివ్వాలో తేల్చే అమెరికా ప్రభుత్వ నిబంధనలు సీడ్-4, 2017 జూన్ నుంచి నడుస్తున్నాయి. వాటిలో గైడ్‌లైన్ బి అంతా దీని గురించే. బంధువులు ఎందరున్నారన్న లెక్క కంటే, వాళ్లను అడ్డం పెట్టుకుని నిన్ను ఎవరైనా లొంగదీయగలరా అన్నదే చూస్తారు. ఏ దేశం, ఆ మనిషి ఏం పని చేస్తాడు, అక్కడ నీ ఆస్తెంత, అమెరికాలో నీ వేళ్లు ఎంత లోతుగా దిగాయి, అన్నీ కలిపి తేలుస్తారు. పాకాలలో కిరాణా కొట్టు నడిపే నాన్న పెద్ద అడ్డు కాడు. తమ్ముడు శ్రీహరికోటలో ఇస్రో రాకెట్ కేంద్రం షార్‌లో ఇంజనీరైతే మాత్రం ప్రశ్నలు గట్టిగానే పడతాయి.

పీలేరు మామిడి:
ఏ కాస్త అనుమానం మిగిలినా దేశ భద్రత వైపే తేల్చాలని అదే సీడ్-4 చెబుతోంది కదా! క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని అక్కడి సుప్రీంకోర్టు 1988లోనే, ఈగన్ కేసులో తేల్చేసింది. తమ్ముడు కష్టపడి షార్‌లో చేరితే అన్న ఉద్యోగానికి ఎసరా? ఇదేం న్యాయం సామీ?

స్వర్ణముఖి:
మన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరేవాళ్లు నింపే అటెస్టేషన్ ఫారం తీసి చూడు. కొడుకో కూతురో విదేశంలో ఉంటే ఏ దేశం, ఏ అడ్రసు, ఎప్పట్నుంచి అని అడుగుతుంది. అమెరికావాడు ఒక్కడే అడగడంలేదు.

గాదంకి రాడార్:
న్యాయం సంగతి తర్వాత. దెబ్బ తినేది ఎక్కువగా క్లియరెన్స్ కోసం ఇచ్చే ఎస్‌ఎఫ్-86 ఫారం నింపేకాడే. 18వ సెక్షన్ తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, అత్తమామలది. పెదనాన్న కొడుకును మనం అన్నా అనే పిలుస్తాం, కానీ అతను అందులోకి రాడు. బావమరిదీ రాడు. అలాగని వదిలేయకూడదు: విదేశీ పౌరుడై, గత 7 ఏళ్లలో దగ్గరి రాకపోకలుంటే 19లో రాయాలి. వారం వారం వాట్సాప్ కాల్ మాట్లాడే బావమరిది అక్కడికే వస్తాడు.

విదేశంలోని ఆస్తులు, డబ్బు సంగతులడిగే 20ఎ సెక్షన్ ఇంకా చిక్కు. పాసుపుస్తకంలో పేరున్న పొలమే కాదు, రేపు పంపకాల్లో వస్తుందని ఎదురుచూసే పొలం కూడా చూపాలి. అమ్మకు నెలనెలా పంపే డబ్బూ అంతే, ఆమె భారత పౌరురాలు కాబట్టి.

నాన్న టీటీడీలో చేసి రిటైరైతే ప్రభుత్వంతో సంబంధం లేదని టిక్ పెట్టేస్తుంటారు. బోర్డును వేసేది రాష్ట్ర ప్రభుత్వమే. ఉన్నదున్నట్టు రాసి, గుడి ఉద్యోగమని కింద వివరం ఇవ్వండి. దాచినట్టు తేలితే బంధువుల గొడవ పోయి అబద్ధం గొడవ పట్టుకుంటుంది. తెలిసి అబద్ధం రాస్తే అక్కడి చట్టంలో 5 ఏళ్ల దాకా జైలు.

పీలేరు మామిడి:
సరే, అన్నీ నిజమే రాశాడు, అయినా కాదన్నారు. అప్పుడు?

గాదంకి రాడార్:
కాంట్రాక్టర్ ఉద్యోగికైతే, అంటే డిఫెన్స్ పనులు చేసే ప్రైవేటు కంపెనీలో ఉన్నవాడికైతే, కారణాలతో నోటీసు వస్తుంది. మామూలుగా 20 రోజుల్లో జవాబివ్వాలి, హియరింగ్ అడగొచ్చు. అమెరికాలో ఇంటి కాగితాలు, పన్ను రిటర్నులు, పొలం విలువ మొత్తం ఆస్తిలో ఎంతో చూపే లెక్క జతచేయాలి. షార్ తమ్ముడి కేసు మాత్రం అప్పటికీ కష్టమే, అందులో నీతో గొడవ పడను.