హీటర్ హమ్‌కి డీసీయే మందా?

ప్రశ్న: రెండు 12ఏఎక్స్7 (సిగ్నల్‌ను మొదట పెంచేవి), రెండు ఈఎల్84 (స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు) పెట్టి గిటార్ ఆంప్ కట్టాను. గెయిన్ పెంచేకొద్దీ గుయ్‌మనే హమ్ కూడా పెరుగుతోంది. గిటార్ కేబుల్ పీకేసినా అంతే. హీటర్లకు, అంటే ట్యూబుల్ని లోపలి నుంచి వేడెక్కించే తీగలకు, 6.3 వోల్టుల ఏసీయే ఇచ్చాను. డీసీకి మార్చమని ఒకరు, అది దండగ పని అని ఒకరు. ఏం చెయ్యను?

డీసీ వైపు: మార్చేయండి. మొదటి ట్యూబులో చొరబడ్డ కాస్త ఏసీ తర్వాతి దశల్లో వేల రెట్లు అవుతుంది. అసలు ఏసీయే లేకపోతే ఆ గొడవే ఉండదు కదా.

ఏసీ వైపు: గొడవ ఉండదని కాదండీ, రూపు మారుతుంది. నేనూ ఒక ఆంప్‌లో డీసీ పెట్టి, వచ్చిన బజ్ పోగొట్టలేక మళ్లీ ఏసీకే వచ్చాను. రెండు 12ఏఎక్స్7లు 0.6 ఆంపియర్లు లాగుతాయి. 50 హెర్ట్జ్ మెయిన్స్‌లో బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) పెట్టి 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసినా ఇంకా వోల్టుకు పైగానే రిపుల్, అంటే డీసీ మీద మిగిలిన అలజడి, ఉంటుంది. పైగా ఆ కెపాసిటర్ ఛార్జింగ్ కరెంటు విడివిడి పోట్లుగా వస్తుంది. గ్రౌండ్ తీగ ఒక్కటి తప్పు చోట కలిపితే మెత్తటి హమ్ పోయి గీరుకుపోయే బజ్ వస్తుంది. దాన్ని భరించడం ఇంకా కష్టం. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఎక్కువ వేడెక్కుతుంది.

ముందు అది హీటర్ హమ్మో కాదో తేల్చుకోండి. 50 హెర్ట్జ్ మెయిన్స్ అయితే హీటర్ హమ్ ఎక్కువగా 50 దగ్గర, బొంగురుగా ఉంటుంది. హెచ్‌టీ (ట్యూబులకిచ్చే హై వోల్టేజి డీసీ) సప్లై రిపుల్ 100 దగ్గర, ఒక ఆక్టేవ్ పైన వినిపిస్తుంది. ఇంకా గట్టి రుజువు కావాలంటే హీటర్ తీగల్ని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పూర్తిగా విప్పి, 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి కలిపి వినండి. 6.3 అన్న లెక్క పుట్టిందే పాత కార్ల బ్యాటరీలోని మూడు సెల్స్ నుంచి. చెయ్యి పెట్టే ముందు ఫిల్టర్ కెపాసిటర్లను డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూసుకోండి. ఆంప్ ఆపాక కూడా 300 వోల్టులు అందులో కూర్చునే ఉంటాయి.

హీటర్‌దే అని తేలితే వైరింగ్ విప్పి మళ్లీ వేయండి. రెండు తీగల్నీ బిగుతుగా పురిపెట్టాలి, ఆ పురి సాకెట్ పిన్ను దాకా వదలకూడదు. ఛాసిస్ మూలకు ఆనించి నడిపి, గ్రిడ్ తీగను (ట్యూబులోకి సిగ్నల్ తెచ్చే తీగను) దాటాల్సొస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన పోనివ్వొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ హీటర్ వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ (మధ్య నుంచి తీసిన తీగ) లేకపోతే చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి నడిమి బిందువు తీయండి.

చాలామంది వదిలేసే పని ఇక్కడే ఉంది. ఆ నడిమి బిందువును గ్రౌండ్‌కి కాకుండా పాజిటివ్ వోల్టేజికి కట్టండి. దీన్నే ఎలివేషన్ అంటారు. 300 వోల్టుల హెచ్‌టీ నుంచి 220 కిలో ఓమ్, 47 కిలో ఓమ్ రెసిస్టర్లతో భాగిస్తే దాదాపు 53 వోల్టులు వస్తాయి. 47 కిలో ఓమ్ రెసిస్టర్ మీద ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ చాలు. హీటర్ కూడా వేడి లోహమే కాబట్టి ఎలక్ట్రాన్లను వదులుతుంది. కాథోడ్ (హీటర్ వేడెక్కించే, ఎలక్ట్రాన్లను వదిలే భాగం) కంటే హీటర్ పాజిటివ్‌గా ఉంటే అవి కాథోడ్ వైపు దూకవు. ఏసీ అలాగే ఉంటుంది, లీకేజీ మాత్రం బాగా తగ్గుతుంది.

డీసీ వైపు: పురి, ఎలివేషన్ మాట ఒప్పుకుంటాను. కానీ నాలుగైదు గెయిన్ దశల ఆంప్‌లో, ముఖ్యంగా మొదటి ట్యూబుకి, రెగ్యులేట్ చేసిన డీసీ లేకుండా నాకు తృప్తి కాలేదు.

ఏసీ వైపు: ఆ ఒక్క ట్యూబు వరకైతే నాకూ అభ్యంతరం లేదు. ఈఎల్84ల దాకా పోవద్దనే నా పట్టు.

ప్రశ్న అడిగిన వ్యక్తి: బ్యాటరీ పెట్టగానే నిశ్శబ్దం! తీగలు విప్పి చూస్తే మొదటి సాకెట్ దగ్గర రెండంగుళాలు పురి లేకుండా, గ్రిడ్ తీగను ఆనుకొని ఉన్నాయి. పురి సరిచేసి, 53 వోల్టుల ఎలివేషన్ పెట్టాను. ఇంకా కొంచెం మిగిలింది. మొదటి 12ఏఎక్స్7 తీసి వేరేది పెడితే అదీ పోయింది. ఇప్పుడు స్పీకర్ గుడ్డకు చెవి ఆనిస్తేనే తెలుస్తోంది. డీసీ బోర్డు కోసం తెచ్చిన డయోడ్లు డబ్బాలోనే ఉన్నాయి.