చెన్నైలో ఒక్కరోజు ఆఫీసు పని: తెల్లారకముందే మబ్బుతో పోయి రాత్రికి రావడమా, ముందురాత్రే పోయి పడుకోవడమా?

పెన్నా ఒడ్డు:
నెల్లూరు నుంచి చెన్నైకి రైలు దారిలో 176 కిలోమీటర్లు. పని గిండీలో, పదిన్నరకి. ఇట్లాంటి వాటికి కంపెనీలు "దగ్గరేగా, పొద్దున పోయి రాత్రికొచ్చెయ్" అంటాయి, లాడ్జి బిల్లు ఇవ్వవు. నా లెక్కలో అది తప్పు. నెల్లూరు నుంచి చెన్నై పొలిమేర దాకా ఒక ప్రయాణం, అక్కణ్నుంచి గిండీకి ఇంకో ప్రయాణం. ఆ రెండోది ఎవరి లెక్కలోకీ రాదు.

మినీబైపాస్:
తప్పేం లేదన్నా. కారు నాలుగున్నరకి కదలాలి, అంతే. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోల్‌గేట్లు అప్పుడు ఖాళీ. నల్లూరు టోలు ఏడులోపు దాటితే సగం పని అయినట్టే. మాధవరం మీదుగా ఊళ్లోకి దిగొద్దు. పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి పోరూరులో దిగి, మౌంట్–పూనమల్లి రోడ్డు మీద గిండీ పక్కనున్న కత్తిపారా జంక్షన్‌కి పోవాలి.

పెన్నా ఒడ్డు:
ఆ మౌంట్–పూనమల్లి రోడ్డే కదా మెట్రో రెండో దశ పనులకి చిక్కింది! పోరూరు నుంచి కత్తిపారాకి పట్టే టైము మ్యాపు ఆరింటికి ఒకటి చెబుతుంది, ఎనిమిదిన్నరకి ఇంకొకటి. రెడ్‌హిల్స్ దగ్గర హార్బరు కంటెయినర్ లారీలు అడ్డం పడితే ఏడు ఎనిమిదవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన సంగతి వేరే చెప్పాలా.

సూళ్లూరుపేట లోకల్:
ఇద్దరూ రోడ్డు పట్టుకునే వేలాడుతున్నారు. కారు సూళ్లూరుపేట స్టేషన్లో పెట్టి లోకలెక్కండి. రెండు గంటల పైనే పడుతుంది, వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తే దానికి దారిచ్చి ఆగుతుంది కూడా. అందుకని అరగంట ముందు బండికే ఎక్కాలి. దిగేది మూర్‌మార్కెట్ కాంప్లెక్సులో, అంటే సెంట్రల్ పక్కనే. కిందికి దిగితే మెట్రో. బ్లూ లైను గిండీకి నేరుగా పోతుంది, మారే పని లేదు. ఎయిర్‌పోర్టు వైపు బండి చూసి ఎక్కాలి, గ్రీన్ లైనెక్కితే కోయంబేడు మీదుగా చుట్టి ఆలందూరులో మళ్లీ మారాలి. టికెట్ 50 రూపాయలు దాటదు, క్యూఆర్ తీసుకుంటే 20 శాతం తగ్గింపు.

ఆర్టీసీ బస్సు మాత్రం వద్దు. చాలావరకు మాధవరంలోనే దించేస్తాయి, అక్కడ మెట్రో ఇంకా కడుతున్నారు. ఆటోవాళ్లు మీటరు వెయ్యరు. 2013లో పెట్టిన రేటు మొదటి 1.8 కిలోమీటర్లకి 25 రూపాయలు, ఆ రేటుకి ఎవరొస్తారు?

గెలాక్సీ చీమకుర్తి:
ఒంగోలు నుంచైతే ఈ చర్చే లేదు, 290 కిలోమీటర్లు. రాత్రి బండే గతి. పగటి బండ్ల టైములు మనకి తిరగబడి ఉన్నాయి: వందే భారత్, జనశతాబ్ది పొద్దున చెన్నైలో బయల్దేరి, మధ్యాహ్నం మీద తిరిగి అక్కడికే పోతాయి. చెన్నై వాళ్లు విజయవాడలో పని చూసుకుని పోయేటందుకు పెట్టినట్టుంది. పినాకిని చెన్నై చేరేసరికి మధ్యాహ్నం భోజనాలవుతాయి.

రాత్రి బండ్లలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు సెంట్రల్‌కి రాదు, ఎగ్మూరు మీదుగా తాంబరం పోతుంది. గిండీ పనికి అదే మేలు: ఎగ్మూరులో దిగితే బీచ్–తాంబరం లోకల్ నేరుగా గిండీలో ఆగుతుంది. గ్రానైట్ కాగితాల పని మీద రాజాజీ సాలైలో కస్టమ్ హౌస్‌కి పోయేవాళ్లు అదే లోకల్ బీచ్ వైపు పోయేది ఎక్కి బీచ్ స్టేషన్లో దిగొచ్చు. హార్బరు పనికి గిండీలో రూమ్ తీసుకోవడం తెలివితక్కువ.

జనరల్ టికెట్ సంగతి కూడా తెలుసుకోండి. 200 కిలోమీటర్లు, ఆపైన అయితే మూడు రోజుల ముందు కొనొచ్చు, ఒంగోలు వాళ్లకి అది వర్తిస్తుంది. నెల్లూరు వాళ్లు ఆ రోజే కొని, మూడు గంటల్లోగా లేదా ఆ తర్వాత వచ్చే మొదటి బండికి బయల్దేరాలి. మీటింగుకి ముందే తిరుగు టికెట్ కొనిపెట్టుకుంటే చెల్లదు. సూపర్‌ఫాస్ట్ ఎక్కితే 15 రూపాయల సప్లిమెంటు విడిగా ఉండాలి, లేకపోతే ఫైనే.

మినీబైపాస్:
సరే, రాత్రి బండిలో తెల్లారుజామున దిగాక స్నానం ఎక్కడ? లాడ్జికి పోతే?

గెలాక్సీ చీమకుర్తి:
చెకౌట్ ఏ లెక్కన అని ముందే అడగాలి. 24 గంటల చెకౌటైతే ఐదింటికి దిగినా ఒకరోజు అద్దే. పన్నెండింటి చెకౌట్ హోటళ్లలో పొద్దున ఐదింటికి చేరి సాయంత్రం దాకా ఉంటే రెండు రోజులది గుంజుతారు. ఎగ్మూరు కెన్నెట్ లేన్లో రెండు రకాలూ ఉన్నాయి. సెంట్రల్లో రిటైరింగ్ రూమ్ కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ పీఎన్ఆర్ మీద గంటల లెక్కన దొరుకుతుంది, దొరికితే అంతకన్నా చవకది లేదు. బ్యాగు క్లోక్‌రూములో పెట్టాలంటే తాళం వేసుండాలి, ప్రయాణం టికెట్ చూపాలి. రెండో చొక్కా మాత్రం చేతిలోనే పెట్టుకోండి. అక్కడి ఉక్కకి పదింటికల్లా మొదటిది పిండుకోవచ్చు.

పెన్నా ఒడ్డు:
అయితే రాత్రి బండి, నాలుగు గంటల రూమ్. టోళ్లు, డీజిలు, పార్కింగ్ రానూపోనూ కలిపి పక్కన వేసి చూపిస్తే కంపెనీ ఒప్పుకోదా?

మినీబైపాస్:
ముగ్గురు పోతే? అప్పుడు కారే చవక. మనిషికింత అని విడగొట్టి చూపించు.

సూళ్లూరుపేట లోకల్:
ముగ్గురికీ లోకల్ టికెట్లు కలిపినా ఒక్క టోలంత కాదు.