లైసెన్సు లేకుండా సెషన్ శాంప్లింగ్: సెకనుకోసారి చూస్తే చాలా?

తణుకు కుర్రాడు:
భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత కంపెనీ బిల్లింగు చూస్తున్నానండి. డేటాబేస్ ఒరాకిల్, అందులో తక్కువ ధరకి వచ్చే స్టాండర్డ్ ఎడిషన్. పొద్దున 11 దాటాక స్క్రీన్లు బిగుసుకుపోతాయి, అరగంటకి వాటంతటవే కదులుతాయి. నేను లాగిన్ అయ్యేసరికి ఏమీ ఉండదు. డేటాబేస్‌కి ఉన్న ఒక్కో కనెక్షన్ (సెషన్) ఇప్పుడేం చేస్తోందో చూపించే వి-డాలర్-సెషన్‌ని సెకనుకోసారి చదివి, పనిలో ఉన్న సెషన్లని ఒక టేబుల్లో రాసిపెడదామనుకుంటున్నా. మేనేజరుగారేమో "గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎందుకు, డబ్బులు పెట్టి టూల్ కొందాం" అంటున్నారు. ఎవరిది కరెక్టు?

కాకినాడ డీబీఏ:
మేనేజరుగారిదే. సెకనుకీ సెకనుకీ మధ్య చిన్న క్వెరీలు వందలు జారిపోతాయి. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కి మారి విడిగా కొనే డయాగ్నస్టిక్స్ ప్యాక్ తీసుకోండి. పనిలో ఉన్న సెషన్ల చరిత్రని ఒరాకిలే రాసిపెట్టుకునే ఏఎస్‌హెచ్ అందులో తయారుగా ఉంటుంది.

పాత స్క్రిప్టు:
ఆ ఏఎస్‌హెచ్ చూసేది కూడా సెకనుకోసారే కదండీ! ఒరాకిల్ 10జీ వెర్షన్లో వచ్చినప్పటి నుంచీ అంతే. డిస్కు మీదికి చేరేసరికి పది శాంపిల్స్‌లో ఒకటే మిగులుతుంది.
భీమవరం వాళ్లకి వేరే చెప్పాలా? విసురు వల వేసి కౌంటు చూస్తారు గానీ చెరువంతా తోడరు. 10 మిల్లీసెకన్ల క్వెరీ నిమిషానికి 1,000 సార్లు నడిస్తే మొత్తం 10 సెకన్లు. నిమిషంలో తీసే 60 శాంపిల్స్‌లో పదింటిదాకా అదే పడుతుంది. ఒక్కసారే నడిచిన చిన్న క్వెరీ జారిపోతే పోనివ్వండి, దానివల్ల ఎవరి స్క్రీనూ ఆగలేదు.

కాకినాడ డీబీఏ:
లెక్క ఒప్పుకుంటా. కానీ ఏఎస్‌హెచ్ డేటాబేస్ లోపలే మెమరీలోంచి చదువుతుంది. మీది మామూలు ఎస్‌క్యూఎల్. డిస్కు మొరాయిస్తే మీ కమిట్ (రాసింది ఖాయం చెయ్యడం) కూడా అక్కడే క్యూలో నిలబడుతుంది. సగటున 5 సెషన్లు పనిలో ఉంటే రోజుకి 4,32,000 వరుసలు. పాతవి తీసెయ్యడానికి పార్టిషన్లు (టేబుల్ని ముక్కలుగా విడగొట్టడం) పెడదామంటే అవీ ఎంటర్‌ప్రైజ్‌లోనే, అదనపు డబ్బులకే.

పాత స్క్రిప్టు:
టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో పెట్టొద్దు. అది నిమిషం కన్నా తక్కువకి దిగదు, పైగా ప్రతిసారీ కొత్త లాగిన్. ఒకే కనెక్షన్ తెరిచి ఉంచి లూప్‌లో నడపండి, ఫలితం వేరే మిషన్లో ఫైల్లో రాయండి. టేబులే కావాలంటే రెండు పెట్టుకుని, వారానికొకటి చొప్పున ట్రంకేట్ చేసుకోండి, అంటే ఒక్క దెబ్బకి మొత్తం ఖాళీ చెయ్యడం.
ఎంటర్‌ప్రైజ్ వాడేవాళ్లకి ఒక మాట: ఏఎస్‌హెచ్ వ్యూ లైసెన్సు లేకపోయినా తెరుచుకుంటుంది. తెరుచుకుంది కదా అని వాడితే ఆడిట్‌లో దొరికిపోతారు.

లంకలో లైనక్స్:
పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్‌లో 9.6 వెర్షన్ నుంచి ఏ సెషన్ దేనికోసం ఆగిందో ఉచితంగానే కనిపిస్తుంది. ఈ గొడవే లేదు.

పాత స్క్రిప్టు:
ఆయ్, ఆయన అడిగింది ఒరాకిల్ గురించండి బాబూ.

తణుకు కుర్రాడు:
నాలుగు రోజులు నడిపాను. 11:10 నుంచి 11:38 దాకా 14 సెషన్లు టేబుల్లో ఒకే వరుస మీదున్న లాక్ (ఒకరు మారుస్తుండగా ఇంకొకరు మార్చకుండా పడే తాళం) కోసం ఆగాయి. అడ్డుపడ్డ సెషన్ నంబరు అన్నిటికీ ఒకటే. తీరా నా ఫైల్లో ఆ సెషన్ తాలూకు లైనే లేదు! పనిలో ఉన్నవాళ్లనే రాశాను కదా, లాక్ పట్టుకున్నాయన ఖాళీగా కూర్చున్నాడు. మర్నాడు అడ్డుపడ్డ సెషన్‌ని కూడా రాసేలా మార్చాను, దొరికాడు. గోడౌన్ కౌంటర్లో స్టాకు ఎంట్రీ సగంలో వదిలేసి లారీ దగ్గర బస్తాలు లెక్కపెట్టడానికి వెళ్తున్నారు.

కాకినాడ డీబీఏ:
నిజానికి ఏఎస్‌హెచ్‌లోనూ ఖాళీగా కూర్చున్న సెషన్ పడదు. ఇక్కడ మీదే పైచేయి. కానీ రేపు మీరు హైదరాబాద్ వెళ్లిపోతే ఆ స్క్రిప్టు ఎవరు చూస్తారు? నేను డబ్బులు పెట్టమనేది అందుకే.

తణుకు కుర్రాడు:
దానికి నా దగ్గర జవాబు లేదండి. ప్రస్తుతానికి లాక్ 60 సెకన్లు దాటితే గోడౌన్‌కి ఫోన్ చేస్తున్నాం.