బ్యారీ బాండ్స్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ దక్కాలా, వద్దా? పిల్లాడికి ఏం చెప్పాలి?

ఫ్రీమాంట్ నాన్న

అందరికీ నమస్కారం. మేం బే ఏరియాలో ఉంటాం. మా వాడు లిటిల్ లీగ్‌లో సెకండ్ బేస్ ఆడతాడు, శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు జెయింట్స్ అంటే ప్రాణం. ఈ వేసవిలో నయాగరా వెళ్తున్నాం. దారి కాస్త మళ్ళించి కూపర్స్‌టౌన్‌లో గొప్ప ఆటగాళ్ళ పేర్లుండే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా చూపిద్దామనుకున్నాం. ఆ మాట చెప్పినప్పట్నుంచీ వాడు అక్కడున్న పేర్ల జాబితా పట్టుకుని కూర్చున్నాడు. నిన్న రాత్రి అన్నం తింటూ అడిగాడు: "నాన్నా, అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు కొట్టింది బాండ్స్ కదా, మరి ఆయన పేరు లేదేంటి?"

స్టెరాయిడ్లు వాడాడని అంటార్రా అన్నాను. "అంటారా, వాడాడా?" అన్నాడు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు.

నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి. ఈ ఆట మా వాడి వల్ల అలవాటైంది. నాకు తెలిసినంతలో బాండ్స్‌వి 762 హోమ్ రన్లు, అందులో 2001 సీజన్ ఒక్కదానిలోనే 73. ఏడుసార్లు ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడు). ఆ అంకెల్ని ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. అయినా ఓట్లేసే బేస్‌బాల్ జర్నలిస్టులు పదేళ్ళపాటు ఆయనకి లోపలికి వెళ్ళడానికి కావాల్సిన 75 శాతం ఇవ్వలేదు. వాళ్ళ ఓట్లలో చివరి అవకాశం 2022లో, 66 శాతం దగ్గర ఆగిపోయాడు. అదే ఏడాది బోస్టన్ బ్యాటర్ డేవిడ్ ఓర్టిజ్ మొదటిసారికే లోపలికి వెళ్ళిపోయాడు. 2003 స్టెరాయిడ్ పరీక్షల్లో దొరికినవాళ్ళ లిస్టులో ఆయన పేరు కూడా ఉందని న్యూయార్క్ టైమ్స్ రాసింది కదా? ఈ లెక్క నాకు అర్థం కావట్లేదు. ఆ రోజుల్నుంచీ ఆట చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మీరైతే ఓటేస్తారా వెయ్యరా, ఎందుకో కూడా చెప్పండి.


మెక్‌కోవీ కోవ్ అభిమాని

నాన్న గారూ, నేనైతే కళ్ళు మూసుకుని ఓటేస్తాను.

2001లో నేను శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. స్టేడియం రైట్ ఫీల్డ్ గోడ అవతల నీళ్ళే. బాండ్స్ బ్యాటింగ్‌కి వస్తున్నాడంటే చాలు, చిన్న చిన్న పడవల్లో జనం వలలు పట్టుకుని బంతి కోసం కాచుకునేవాళ్ళు. 2004లో ఆయన్ని 232 సార్లు ఊరికే ఫస్ట్ బేస్‌కి పంపేశారు. అందులో 120 సార్లు కావాలనే. ఆయనకి కొట్టే బంతి వెయ్యడం కంటే బేస్ ఇచ్చేయడమే నయమని అవతలి టీమ్‌లన్నీ తేల్చుకున్నాయి. అలాంటి బ్యాటర్‌ని నేను మళ్ళీ చూడలేదు.

ఇంకో మాట. అనుమానాలన్నీ 1998 సీజన్ తర్వాతవి. అప్పటికే ఆయనవి 411 హోమ్ రన్లు, 445 స్టోలెన్ బేస్‌లు (బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం), మూడు ఎంవీపీలు. హోమ్ రన్లు, స్టోలెన్ బేస్‌లు రెంటిలోనూ 400 దాటినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. అక్కడితో రిటైరైనా హాల్ ఆఫ్ ఫేమ్ ఖాయం. కోర్టు సంగతంటారా, స్టెరాయిడ్ల కేసులో ఇచ్చిన సాక్ష్యంతో న్యాయానికి ఆటంకం కలిగించాడని 2011లో దోషిగా తేల్చారు, 2015లో పై కోర్టు దాన్ని కొట్టేసింది.

నాకు మండేది ఎక్కడంటే, 1994లో సమ్మె వల్ల వరల్డ్ సిరీస్ ఆగిపోయి జనం ఆట మీద విరక్తి పడితే, 1998లో మెక్‌గ్వైర్ 70, సోసా 66 హోమ్ రన్లు కొట్టి స్టేడియాలు నింపారు. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కాలంలో కమిషనర్‌గా, అంటే లీగ్‌కి పెద్దగా ఉన్న బడ్ సెలిగ్‌ని 2017లో హాల్‌లోకి తీసుకున్నారు. నిబంధనలకి విరుద్ధంగా బంతికి తడి రాసి వేసేవాణ్ణని తానే ఒప్పుకున్న గేలార్డ్ పెర్రీ 1991 నుంచి అక్కడే ఉన్నాడు. మావాడు ఒక్కడే పాపాత్ముడా?


ప్లేనో డాక్టర్

ఫ్రీమాంట్ నాన్న గారూ, నేను ఓటెయ్యను. బాండ్స్ ఆట అంటే ఇష్టం లేక కాదు. తన మొదటి జట్టు పిట్స్‌బర్గ్‌లో సన్నగా, చురుగ్గా ఉన్న రోజుల నుంచీ ఆయన ఆట నాకు ఇష్టం. టెక్సస్‌లో పిల్లల హార్మోన్ల డాక్టర్‌ని, నేను రోజూ చూసే విషయం కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

"మందు బంతిని కొట్టదు కదా, కన్నూ చెయ్యీ ఆయనవే కదా" అని చాలామంది అంటారు. నిజమే. కానీ ఈ ఆటలో సీజన్‌కి 162 మ్యాచ్‌లు. జూలై, ఆగస్టు వచ్చేసరికి అందరి ఒళ్ళూ అరిగిపోతుంది. స్టెరాయిడ్ చేసే అసలు మేలు అక్కడే. ఇవాళ బరువులెత్తి అలిసిన కండ తొందరగా కోలుకుంటుంది, రేపు మళ్ళీ ఎత్తొచ్చు. ముప్పై అయిదు దాటాక తగ్గాల్సిన బలం తగ్గదు. బాండ్స్ 2001 నుంచి 2004 దాకా వరసగా నాలుగు ఎంవీపీలు గెలిచాడు, 36 ఏళ్ళ నుంచి 40 ఏళ్ళ మధ్య. మామూలుగా ఆ వయసులో బ్యాటర్లు దిగజారతారు, ఆయన జీవితంలోనే ఎత్తైన చోటికి వెళ్ళాడు. 2003లో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ముందు తన ట్రైనర్ ఇచ్చింది అవిసె నూనె, కీళ్ళనొప్పుల పూత అనుకున్నానని చెప్పాడు. ఆ సాక్ష్యాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ ఆ మరుసటి ఏడాది బయటపెట్టింది. తన ఒంటిని అంత శ్రద్ధగా చూసుకునే మనిషి ఒంటికి ఏం పూసుకుంటున్నాడో అడగలేదంటే నేను నమ్మలేను.

"అప్పట్లో రూల్ లేదు" అన్న మాట కూడా వింటుంటాం. అది తప్పు. డాక్టర్ చీటీ లేకుండా అనబాలిక్ స్టెరాయిడ్లు దగ్గర పెట్టుకోవడం 1991 నుంచి ఈ దేశంలో చట్టప్రకారం నేరం. అదే ఏడాది అప్పటి కమిషనర్ ఫే విన్సెంట్ ఇవి నిషిద్ధమని అన్ని క్లబ్బులకీ మెమో పంపాడు. లేనిది పరీక్ష. ఆటగాళ్ళ యూనియన్ ఒప్పుకోలేదు, ఓనర్లు గట్టిగా పట్టుబట్టలేదు. 2003లో పేర్లు బయటపెట్టం అన్న షరతు మీద మొదటిసారి అందరికీ పరీక్ష చేశారు. 5 శాతం కంటే ఎక్కువమంది దొరికారు కాబట్టే మరుసటి ఏడాది నుంచి అసలు పరీక్షలు మొదలయ్యాయి. ఓర్టిజ్ విషయంలో నాకున్న ఇబ్బంది ఇదే. రహస్యంగా ఉంచుతామని మాటిచ్చిన లిస్టు లీకైంది. అందులో కొన్ని ఫలితాల మీద సందేహాలున్నాయని 2016లో కమిషనర్ మ్యాన్‌ఫ్రెడే అన్నాడు. ఆ తర్వాత ఓర్టిజ్ ఏ పరీక్షలోనూ దొరకలేదు. అంతమాత్రం ఆధారంతో నేను ఎవరినీ ఆపను. జెఫ్ బ్యాగ్‌వెల్‌ని కండలు చూసి అనుమానించి 2017 దాకా బయట నిలబెట్టారు, అది అన్యాయం. కానీ రెండుసార్లు దొరికి సస్పెండైన మానీ రామిరెజ్, 2014 సీజన్ మొత్తం సస్పెన్షన్‌లో గడిపిన అలెక్స్ రోడ్రిగెజ్, వీళ్ళ విషయంలో నాకు ఆలోచించాల్సిన పనే లేదు.

అభిమాని గారూ, చప్పట్లు కొట్టింది మనమే అన్నారు, కాదనను. కానీ ఆ చప్పట్ల మధ్య నష్టపోయినవాడు ఒకడున్నాడు, దయచేసి ఆయన గురించి ఆలోచించండి. ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్. 1989లో, పెద్ద స్థాయి ఆటలో ఉన్న రెండు లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో 36 హోమ్ రన్లతో మొదటివాడు. 1992లో రెండోదైన నేషనల్ లీగ్‌లో 35తో మొదటివాడు. 1994లో 34 దగ్గర ఉండగా ఆగస్టులో సమ్మె వచ్చి సీజన్ ఆగిపోయింది. కెరీర్ మొత్తానికి 493. ఆయన మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇంకో ఏడు కొట్టి ఉంటే 500. ఒకప్పుడు లీగ్‌కే మొదటి స్థానం తెచ్చిన 35, 36 అన్న అంకెలు 2001 నాటి జాబితాలో పెడితే పై వరసలో ఎక్కడా కనబడవు. మనిషి అదే మనిషి, అంకె అదే అంకె, చుట్టూ ఉన్నవాళ్ళు మందుతో కొలబద్దే మార్చేశారు. జర్నలిస్టులు పదేళ్ళలో ఆయనకి 40 శాతం కూడా ఇవ్వలేదు. 2022 డిసెంబరులో పాత ఆటగాళ్ళని చూసే కమిటీకి ఆయన పేరు వెళ్తే పదహారుకి పదహారు ఓట్లూ వేశారు. అదే రోజు అదే కమిటీలో బాండ్స్‌కి నాలుగు ఓట్లు కూడా రాలేదు. ఆ నిర్ణయం నాకు చాలా సరైనదనిపించింది. మెక్‌గ్రిఫ్‌కి కనీసం పేరైనా ఉంది. కింది స్థాయి మైనర్ లీగ్ బస్సుల్లో తిరిగి, మందు ముట్టనన్న కారణంగా ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయి ఇంటికెళ్ళినవాళ్ళ పేర్లు మనకి ఎప్పటికీ తెలియవు.

సెలిగ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆయనకి ఇచ్చి ఉండకూడదు. ఒకరికి తప్పుగా ఇచ్చారని ఇంకొకరికి కూడా ఇవ్వాలంటే నేను ఒప్పుకోను.

ఇక నా గది సంగతి. పదహారేళ్ళ అబ్బాయిని తల్లి తీసుకొస్తుంది, మొహం నిండా మొటిమలు, కోపం ఆగట్లేదు అని. ఎడమ చెయ్యి మణికట్టు ఎక్స్‌రే తీస్తాం. పెరిగే వయసు పిల్లల్లో ఎముక చివర ఒక నల్లటి గీత ఉంటుంది. అది మృదులాస్థి, ఎత్తు పెరగడమంటే అక్కడ పెరగడమే. ఈ అబ్బాయిల్లో కొందరికి ఆ గీత ముందే మూసుకుపోయి ఉంటుంది. ఇంక పెరగడు. తల్లిని కాసేపు బయట కూర్చోమని అడిగితే అప్పుడు చెప్తాడు, జిమ్‌లో ఎవరో అన్నయ్య ఇచ్చిన ఇంజెక్షన్ గురించి. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యేది ఆగిపోతుంది. మందు మానేశాక అది మళ్ళీ మొదలవడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో తీవ్రమైన దిగులు పట్టుకోవచ్చు. మా ప్లేనోలో హైస్కూల్ బేస్‌బాల్ ఆడే కుర్రాడు 2003లో అలాంటి సమయంలోనే ప్రాణం తీసుకున్నాడు. మందు మానడం వల్ల వచ్చిన దిగులే కారణమని ఆ కుటుంబం నమ్మింది. 2005 మార్చిలో వాషింగ్టన్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు మెక్‌గ్వైర్, సోసా, పాల్మీరో కూర్చున్న రోజే ఆ తండ్రి కూడా సాక్ష్యం చెప్పాడు. పాల్మీరో ఆ రోజు వేలు చూపించి మరీ "నేనెప్పుడూ వాడలేదు" అన్నాడు. ఆగస్టులో పరీక్షలో దొరికి సస్పెండయ్యాడు.

మీ అబ్బాయి "అంటారా, వాడాడా?" అని అడగడం నాకు చాలా నచ్చింది. ఏది కోర్టులో తేలింది, ఏది తేలలేదు, ఏది మనం నమ్ముతున్నాం, ఈ మూడూ విడివిడిగా చెప్పండి. ఆ వయసు పిల్లలు చక్కగా అర్థం చేసుకుంటారు.


ఉప్పల్ నార్త్ స్టాండ్

బేస్‌బాల్ నాకు అంతగా తెల్వదు గానీ, ఈ బాధ మా హైదరాబాదోళ్ళకి బాగా తెలుసు. అజారుద్దీన్ తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టిండు. 99 టెస్టులు ఆడిండు. చిన్నప్పుడు గల్లీలో మేమంతా కాలర్ లేపుకొని ఆయన లెక్కనే మణికట్టు తిప్పేటోళ్ళం. 2000లో ఫిక్సింగ్ కేసుల బీసీసీఐ జీవితకాల నిషేధం పెట్టింది, 2012ల హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది. 2019ల ఆయన హైదరాబాద్ అసోసియేషన్ ప్రెసిడెంట్ అయిండు, ఉప్పల్ నార్త్ స్టాండ్‌కి ఆయన పేరు పెట్టిన్రు. 2025ల ఆ పేరు తీసెయ్యాలని అసోసియేషన్ అంబుడ్స్‌మన్ ఆర్డరిచ్చిండు. అది ఫిక్సింగ్ గురించి కాదు, పదవిల ఉండి తన పేరు తనే పెట్టుకున్నడనే ఫిర్యాదు మీద. ఏదైనా గానీ, ఒకసారి పెట్టిన పేరును తీసేస్తమంటే అభిమానికి ఎంత కష్టమైతదో చెప్పలేను. అందుకే అమెరికావోళ్ళు ముందే ఆగి ఆలోచించుడు మంచిదే అనిపిస్తది.


ఫ్రీమాంట్ నాన్న

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. మా ఆవిడ కూడా కూర్చుని మొత్తం చదివింది. ఎక్స్‌రే సంగతి మా వాడికి చదివి వినిపించాం. రెండు చిన్న ప్రశ్నలు: బాండ్స్‌కి ఇంక దారి మూసుకుపోయినట్టేనా? కూపర్స్‌టౌన్‌లో ఆయన గుర్తు అంటూ అసలు ఏమీ ఉండదా?


ప్లేనో డాక్టర్

పూర్తిగా మూసుకుపోలేదు. 2025 డిసెంబరులో కమిటీ మళ్ళీ కూర్చుంది, పన్నెండు ఓట్లు కావాలి. బాండ్స్ పాత జట్టు సభ్యుడు జెఫ్ కెంట్‌కి 14 వచ్చాయి. బాండ్స్‌కి, ఆయనలాగే స్టెరాయిడ్ అనుమానాలున్న పిచర్ క్లెమెన్స్‌కి అయిదు కూడా రాలేదు. అయిదు కంటే తక్కువ వస్తే తర్వాతి విడతలో పేరు పెట్టకూడదని కొత్త నిబంధన. కాబట్టి మళ్ళీ అవకాశం అంటే 2031లోనే.

గుర్తు తప్పకుండా ఉంది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఫలకాల గది వేరు, మ్యూజియం వేరు. 2007 ఆగస్టులో హ్యాంక్ ఆరన్ పాత రికార్డు 755ని దాటిన ఆ 756వ బంతిని మార్క్ ఎకో అనే బట్టల డిజైనర్ వేలంలో 7,52,467 డాలర్లకి కొన్నాడు. దాన్ని ఏం చెయ్యాలో ఇంటర్నెట్‌లో జనం చేత ఓట్లేయించి, వాళ్ళు చెప్పినట్టే తోలు మీద నక్షత్రం గుర్తు (రికార్డు మీద సందేహం ఉందని చూపేది) చెక్కించి మ్యూజియానికి ఇచ్చాడు. వెళ్ళే ముందు ఫోన్ చేసి అది ప్రదర్శనలో ఉందో లేదో కనుక్కోండి. ఉంటే మీ అబ్బాయి దాని దగ్గర కాసేపు నిలబడాలి.


మెక్‌కోవీ కోవ్ అభిమాని

డాక్టర్ గారూ, మెక్‌గ్రిఫ్ మాట కాదనలేను. కానీ 1998 వరకు ఉన్న బాండ్స్‌ని ఏం చేద్దాం? దానికి మీరు జవాబు చెప్పలేదు. ఒప్పుకుంటే క్షమిస్తారు అనేవాళ్ళూ ఉన్నారు. మెక్‌గ్వైర్ 2010లో ఏడుస్తూ ఒప్పుకున్నాడు, ఆ మరుసటి ఏడాది ఓట్లు 23.7 శాతం నుంచి 19.8కి తగ్గాయి. ఒప్పుకుని ఏం ఒరిగింది?


ప్లేనో డాక్టర్

1998 దాకా ఉన్న బాండ్స్‌కి అర్హత ఉంది, అందులో నాకు సందేహం లేదు. కానీ ఓటు కెరీర్ మొత్తానికి వేస్తాం, మనకి నచ్చిన సగానికి కాదు. ఓటర్లకిచ్చే నిబంధనల్లో రికార్డుతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, నడవడిక కూడా చూడమని రాసి ఉంది.

మెక్‌గ్వైర్‌కి ఓట్లు పెరగలేదు, నిజమే. కానీ 2009 చివర్లో ఆయన్ని బ్యాటింగ్ కోచ్‌గా తీసుకున్న సెయింట్ లూయిస్ జట్టు, ఆయన ఒప్పుకున్నాక కూడా ఉంచుకుంది. తర్వాత డాడ్జర్స్ పెట్టుకుంది, పాడ్రెస్ కూడా. నిజం చెప్పిన మనిషికి ఆటలో మళ్ళీ పని దొరికింది, ఫలకం దొరకలేదు. ఆ రెండూ సరిగ్గానే జరిగాయని నేను అనుకుంటున్నాను.