"విపరీతము గాదు సేయ": ఇక్కడ విపరీతం అంటే ఏమిటి?

వలపలగిలక:
రోజూ పడుకునే ముందు ఆ రోజు అందుకున్న మేళ్ళు రాసుకునేవాళ్ళ కోసం ఒక పేజీ సూచనలు తయారు చేస్తున్నాను. స్నేహితులు, చేసే పని, మామూలు రోజువారీ బతుకు, ఈ మూడింటి గురించి. పైన పెట్టడానికి సుమతీ పద్యం అనుకుంటే "విపరీతము గాదు సేయ" దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత "వివరింపగా"నా, ఇంకేదన్నానా? అంతకంటే తొలిచేస్తున్నది అర్థం. మేలు చేసినవాడికి తిరిగి మేలు చేయడం గొప్పేమీ కాదని కవి అంటుంటే, ఈ పద్యం కృతజ్ఞతకు తలకట్టుగా నిలుస్తుందా?

శకటరేఫ:
"వివరింపంగా". నిండుసున్నే. పూర్తి పద్యం: "ఉపకారికి నుపకారము / విపరీతము గాదు సేయ వివరింపంగా / నపకారికి నుపకారము / నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ". రెండో పాదం విడదీస్తే: విపరీ / తము గా / దు సేయ / వివరిం / పంగా. చివరి గణం గగ (రెండు గురువులు, నాలుగు మాత్రలు). మీరు రాసినట్టు "పగా" అంటే లగ (లఘువు, గురువు), మూడు మాత్రలే వస్తాయి, కంద పద్యం కుంటుతుంది. అరసున్న పెట్టినా అంతే, దానికి మాత్ర లేదు. ఎక్కడ చూసినా "వివరింపగా" అని తిరుగుతున్నది ఈ తప్పే. మొదటి పాదం నుంచి లెక్కిస్తే ఆరో గణం "దు సేయ" జగణం, కందంలో అక్కడ చెల్లేదే, కాబట్టి అక్కడ పేచీ లేదు. మూడో పాదం "నపకారికి" అని నకారంతో మొదలవ్వాలి, ద్రుతం (పై పాదం చివరి నకారం) అక్కడికి జారింది.

అరసున్న:
ఛందస్సు సరే, అడిగింది అర్థం కదా. ఇప్పుడు మనం "విపరీతమైన ఎండ" అంటున్నాం కనుక విపరీతం అంటే "అతి" అని చెవికి తగులుతుంది. దాంతో "విపరీతము గాదు" అంటే "అంత పెద్ద విషయం కాదు" అని చదివేస్తాం. సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం తలకిందులు, ఎదురు. "వినాశకాలే విపరీతబుద్ధిః" అన్నప్పుడు అతిబుద్ధి అని కాదు, తిరగబడిన బుద్ధి అని. అలా తీసుకుంటే పాదం తూకమే మారిపోతుంది: మేలుకు మేలు చేయడం లోకం నడిచే తీరుకు ఎదురు కాదు, అది సహజం. కవి కృతజ్ఞతను తక్కువ చేయలేదు, దాన్ని నేల మీద నిలబెట్టాడు. ఆ నేల మీద నిలబడి అపకారికి ఉపకారం అనే పై మెట్టు చూపించాడు. మీ పేజీకి నిక్షేపంగా పనికొస్తుంది.

శకటరేఫ:
అరసున్న గారూ, మూడో అర్థం వదిలేశారు. విపరీతం అంటే వింత. "వింతేమీ కాదు" అంటే మళ్ళీ గొప్ప కాదు దగ్గరికే వచ్చాం. పద్యం బిగువంతా మొదటి సగానికీ రెండో సగానికీ ఉన్న ఎక్కువతక్కువల్లోనే ఉంది. చివర "నేర్పరి" అన్న బిరుదు అపకారికి మేలు చేసినవాడికే దక్కింది, మొదటివాడికి ఏ బిరుదూ లేదు. సహజమని మెచ్చుకుంటే ఆ తేడా పలచబడిపోతుంది.

ద్రుతం:
ఇద్దరూ "వివరింపంగా"ను పాదపూరణం (పాదం నింపడానికి వేసిన మాట) లాగా దాటేశారు. పద్యానికి తాళం చెవి అదే అనిపిస్తుంది. వివరించి చూస్తేనే అది విపరీతం కాదు. పైపైన చూస్తే చేసిన మేలే కనబడదు, ఇక తిరిగి చేయడం ఎక్కడ? రోజూ రాసే అలవాటు రెండో వారంలో చప్పబడేది సరిగ్గా ఇక్కడే. "స్నేహితులు, ఉద్యోగం, ఆరోగ్యం" అని మూడు నామవాచకాలు పడతాయి. మర్నాడు అవే, ఆ మర్నాడూ అవే. క్రియ లేని వాక్యంలో వివరం ఉండదు, వివరం లేనిది పుటలు నిండినా మనసుకు పట్టదు. పేజీలో ఈ కొలత పెట్టండి: రోజుకు మూడు వాక్యాలకు మించొద్దు. ప్రతి వాక్యంలో ఎవరు, ఏం చేశారు, దానికి వాళ్ళు ఏం వెచ్చించారు (సమయమో, ఓపికో, నిద్రో), ఈ మూడూ ఉండాలి. "స్నేహితుడు ఉన్నాడు" కాదు, "తన పని ఆపుకుని అరగంట విన్నాడు" అని.

వలపలగిలక:
ద్రుతం గారూ, ఇది పేజీలోకి వెళ్తుంది. మామూలు విషయాలకు కర్త దొరకడం లేదన్నదే చిక్కు. "బస్సు వేళకు వచ్చింది"లో ఎవరికి కృతజ్ఞత?

ద్రుతం:
అక్కడే తెలుగు ఒక సాయం చేస్తుంది. "అయింది, వచ్చింది, దొరికింది" అన్న క్రియలు చేసినవాళ్ళను దాచేస్తాయి. వాటిని "పెట్టు"తో తిరగరాయాలి. "పని అయింది" అనడానికీ "పని చేసిపెట్టారు" అనడానికీ మధ్య ఉన్నదే కృతజ్ఞత. "చేసిపెట్టు, రాసిపెట్టు, చూసిపెట్టు, కొనిపెట్టు" అన్నప్పుడు ఇంకొకరి కోసం అన్న అర్థం క్రియలోనే కలిసి ఉంటుంది, విడిగా "నా కోసం" అనక్కర్లేదు. బస్సు వాక్యానికి "పెట్టు" కుదరకపోయినా ఫరవాలేదు, "డ్రైవరు వేళకు తెచ్చాడు" అంటే చాలు, కర్త బయటికి వచ్చాడు.

అరసున్న:
అందమైన గమనిక, కానీ "పెట్టు"ను అంత నమ్మకండి. "దాచిపెట్టు, వదిలిపెట్టు, కనిపెట్టు" వీటిలో ఎవరికీ మేలు లేదు. "ముందే చెప్పిపెట్టాను" అంటే మేలు కంటే ముందుజాగ్రత్త ఎక్కువ.

ద్రుతం:
నిజమే. తేడా పట్టుకోవడానికి ఒక పరీక్ష: ఆ వాక్యంలో "నాకు" చేర్చి చూడండి. "నాకు రాసిపెట్టారు" నిలుస్తుంది, "నాకు వదిలిపెట్టారు" అంటే అర్థం వేరే దారి పడుతుంది. "చేసిచ్చారు" అనే చోట్ల కూడా ఇదే పరీక్ష నడుస్తుంది.

విసర్గ:
అసలు ఈ పద్యం కృతజ్ఞత గురించేనా? కృతజ్ఞుడు అంటే కృతం తెలిసినవాడు, చేసినదాన్ని ఎరిగినవాడు. తిరిగి చేయడం ప్రత్యుపకారం. పద్యం మాట్లాడుతున్నది దాని గురించి. ఎరుక వేరు, చెల్లింపు వేరు. రాసుకునేవాళ్ళు ఈ రెండూ కలిపేస్తే పుస్తకం అప్పుల చిట్టా అవుతుంది. ప్రతి పంక్తీ "రుణపడ్డాను" అని ముగిస్తుంటే కొన్నాళ్ళకు పుస్తకం తెరవాలంటేనే బరువనిపిస్తుంది. ఆ మాట వాడకండి, "గుర్తించాను" అనండి. ఇంకొకటి, పేజీ అచ్చుకు ఇచ్చే ముందు ఒత్తు చూసుకోండి. జకారానికి ఞ ఒత్తు ఇస్తే జ్ఞ. కంటికి దగ్గరగా ఉందని ఙకారానికి ఞ ఒత్తు ఇచ్చి "కృతఙ్ఞత" అని కొట్టేవాళ్ళు చాలామంది. అదైనా ఫరవాలేదు, "కృతఘ్నతలు తెలుపుతున్నాం" అని పడితే మాత్రం కొంప మునుగుతుంది. ఘ్న అంటే చంపేది, చేసిన మేలును చంపినవాడు కృతఘ్నుడు. ఒక్క అక్షరంలో ఎరుక హత్యగా మారిపోతుంది.

శకటరేఫ:
మేలును చంపడం అంటే వేమన గుర్తొస్తాడు. చేతికి చిక్కిన శత్రువుకు కీడు చేయక మేలు చేసి పంపమనే "చంపదగినయట్టి శత్రువు" పద్యంలో మూడో పాదం చివర "పొమ్మనుటే చావు"నా, "పొమ్మనుటే చాలు"నా? రెండూ వినబడుతున్నాయి. చావు, చాలు రెండూ గలమే (గురువు, లఘువు), ఆటవెలదికి రెండూ సరిపోతాయి. గణాలు "పొమ్మను / టేచావు" కాబట్టి "పొమ్మనుటె" అని ఎకారం కురచ చేయడం మాత్రం కుదరదు. పాఠం "చావు" అనే చెబుతాను. మేలు చేసి పంపడమే శత్రువుకు చావుతో సమానం. ఆ దెబ్బ "చాలు"లో లేదు.

విసర్గ:
"చాలు"లో ఉన్నది వేరే గొప్పదనం. చేసి పొమ్మను, అక్కడితో ఆగు, ఫలితం లెక్కించకు. శత్రువు చావాలని మేలు చేస్తే అది మేలెలా అవుతుంది?

అరసున్న:
విసర్గ గారూ, ఆ వాదన సుమతి నాలుగో పాదానికి ఇంకా బాగా నప్పుతుంది. "నెపమెన్నక". ఇక్కడ నెపం అంటే సాకు అని కొందరు చెబుతారు. "ఆ నెపంతో" అంటాం కనుక. కానీ "నెపం మోపారు" అన్నప్పుడు అది నింద, తప్పు. ఎన్నడం అనే క్రియ తప్పులతోనే ఎక్కువ జత కడుతుంది. వేమన "తప్పులెన్నువారు" అన్నది అందుకే. కాబట్టి నెపమెన్నక అంటే అవతలివాడి తప్పు లెక్కపెట్టక. లెక్కపెట్టడం అనగానే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కూడా చూడండి. తెలుగులో కృతఘ్నత ఎప్పుడూ లెక్కల్లోనే ఉంటుంది.

ద్రుతం:
అలాగైతే మేళ్ళు లెక్కపెట్టే పుస్తకం ఏమవ్వాలి? లెక్క తప్పు కాదు, దేన్ని లెక్కపెడుతున్నామన్నదే ముఖ్యం. మనస్తత్వవేత్తలు ఎమన్స్, మెకల్లో 2003లో ప్రచురించిన పరిశోధనలో ఒక బృందం వారానికోసారి చొప్పున 10 వారాలు, ఒక్కోసారి 5 వరకు మేళ్ళు రాసింది. ఇంకో బృందం చిరాకులు రాసింది. రెండూ లెక్కలే. మేళ్ళు రాసినవాళ్ళు తమ జీవితం గురించి మెరుగ్గా అనుకున్నారు. 2005లో సెలిగ్మన్ బృందం వారం రోజులు రోజూ రాత్రి 3 మంచి విషయాలు రాయించింది, ప్రతిదానికీ "ఎందుకు జరిగింది" అని కారణంతో సహా. ఆ కారణమే మన "వివరింపంగా".

శకటరేఫ:
రోజూ అన్నది మంచిదేనా? ల్యుబొమిర్‌స్కీ బృందం 6 వారాల పరిశోధనలో వారానికి ఒకసారి రాసినవాళ్ళకే మేలు కనబడింది, మూడుసార్లు రాసినవాళ్ళకు కాదు. మొహం మొత్తుతుంది. పేజీలో "రోజూ తప్పనిసరి" అని రాయకండి. రోజూ రాయాలనుకుంటే రోజుకో అంశం మార్చాలి: ఒక రోజు పని, ఒక రోజు స్నేహం, ఒక రోజు ఎవరూ గమనించని మామూలు సంగతి. మనసు బాగాలేని రోజు ఒక్క వాక్యం చాలు, బలవంతంగా మూడు పూరిస్తే అవే అబద్ధంగా తోస్తాయి.

వలపలగిలక:
అన్నీ చేరుస్తున్నాను. తలకట్టు మాత్రం ఇంకా తేలలేదు. "విపరీతము గాదు" కింద అర్థం "సహజమే" అని రాయనా, "గొప్ప కాదు" అనా?

అరసున్న:
సహజమే.

శకటరేఫ:
గొప్ప కాదు. "నేర్పరి"ని తీసి చూపండి, అప్పుడు ఒప్పుకుంటాను.

విసర్గ:
నేర్పరి అంటే నేర్పు ఉన్నవాడు, పుణ్యాత్ముడు కాదు. అపకారికి మేలు చేయడం ఒక ఉపాయం అన్న ధ్వని అందులో ఉంది కదా? సుమతీ శతకం బద్దెన రాసినదైతే ఆ కవి నీతిశాస్త్రం తెలిసినవాడు. "నీతిశాస్త్రముక్తావళి" కూడా ఆయనదే అంటారు. అప్పుడు "నెపమెన్నక"లో నెపం మళ్ళీ సాకు వైపే జరుగుతుంది.

అరసున్న:
జరగదు. ఎన్నడం సాకుతో ఎక్కడ జత కట్టిందో ఒక్క ప్రయోగం చూపండి.