అప్‌డేట్: హెన్నా మీద ఇండిగో ఎందుకు పట్టలేదంటే
హెన్నా పెట్టాక నల్లబడటానికి ఇండిగో (నీలి ఆకు పొడి) వేసినా తెల్లజుట్టు నారింజ రంగులోనే ఉండిపోతోందని అడిగాను కదా, తీరింది. తప్పంతా కలపడంలోనే. హెన్నాలాగే ఇండిగోనీ నిమ్మరసంతో రాత్రంతా నానబెట్టాను. దానికి పులుపు పడదు, ఎక్కువ నానితే పస పోతుంది. ఈసారి 100 గ్రాముల పొడిలో చిటికెడు ఉప్పు వేసి, గోరువెచ్చని నీళ్లతో పెరుగులా చిక్కగా కలిపి 15 నిమిషాలకే పెట్టేశాను. తలలో నూనె జిడ్డు ఉండకూడదు. గంటన్నర తర్వాత ఉత్త నీళ్లతో కడగాలి. మొదట ఆకుపచ్చగా కనిపిస్తే కంగారుపడకండి, గాలి తగిలి రెండు రోజుల్లో నల్లబడుతుంది. అందాకా షాంపూ వద్దు. కణతల దగ్గరి మొండి వెంట్రుకలకు మాత్రం రెండోసారి వేయాల్సిందే. అన్నట్టు, 'బ్లాక్ హెన్నా' ప్యాకెట్లలో పీపీడీ అనే అలర్జీ తెప్పించే రసాయన రంగు ఉండొచ్చు, లేబుల్ చూసి కొనండి.